సున్నం పడని నాలుగు సాళ్ళు

మాదాపూర్‌లో నేను పనిచేసిన మట్టి పరీక్షల ల్యాబులో రెండు గదులుండేవి. పెద్దది బిల్డర్ల కోసం. ఒక నేల ఎన్ని అంతస్తుల బరువు మోయగలదో అక్కడ తేల్చేవాళ్ళు. చిన్నది నాది. అదే నేలలో ఏం పండుతుందో, ఏం పండదో చెప్పడం నా పని. పెద్ద గదికి రోజూ మట్టి వచ్చేది. నా గదికి ఎప్పుడో ఒకసారి, ఊరి బయట తోట కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులెవరో మామిడి మొక్కలు ఎందుకు చస్తున్నాయో చెప్పమని పాలిథిన్ కవర్లో గుప్పెడు మట్టి పట్టుకొచ్చేవాళ్ళు. ఒకే చోట తీసిన గుప్పెడు మట్టితో చెప్పగలిగిందేమీ లేదనేదాన్ని. వాళ్ళు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయేవారు. నాకు సహనం తక్కువని ల్యాబులో అందరూ అనుకునేవారు. అది నిజమే.

మాది గుంటూరు వైపు పల్లెటూరు. నల్లరేగడి తప్ప ఇంకో నేల ఎరగకుండా పెరిగాను. మాదాపూర్ హాస్టళ్ళలో నీళ్ళ సాంబారు తినలేక నార్సింగిలో ఒక ఇంటి వెనక గది అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడ యాభై దాటిన మనిషి. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను బిడ్డా అనేది, కోపం వస్తే ఆంధ్ర పిల్లా అనేది. ఇంటి వెనక గోడకు ఆనుకుని ఆమె చేను ఉండేది, ఎకరానికి కొంచెం తక్కువ. దాని పక్కది ఆమె బావది, అంటే భర్త అన్నగారిది. ఆయన అప్పటికే వ్యవసాయం మానేసి, భూమి చుట్టూ రేకులు పాతించి, బిల్డరు కోసం ఎదురుచూస్తున్నాడు. బిల్డరుకు రెండు ముక్కలూ కలిపి కావాలి. రోడ్డు వైపున్నది ఆమె ముక్క.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. వారంలో ఎప్పుడు బంద్ ఉంటుందో, ఎప్పుడు బస్సులు ఆగిపోతాయో చెప్పడం కష్టంగా ఉండేది. పెద్దమ్మ ధర్నా ఎక్కడున్నా వెళ్ళేది. తిరిగొచ్చి, గొంతు బొంగురుపోయి, అరుగు మీద కూర్చుని నాకు కూడా ఒక కప్పు చాయ్ పోసేది. "మీ ఆంధ్రోళ్ళు మమ్ముల ఆగం జేసిన్రు బిడ్డా," అనేది. వెంటనే, "చాయ్ సల్లగైతుంది, తాగు," అనేది. నేను తాగేదాన్ని.

ఆమె చేనులో అప్పటికి రెండేళ్ళుగా పంట లేదు. విత్తనం మొలిచేది. మొక్కజొన్న మోకాలి ఎత్తుకు వచ్చి అక్కడే నిలిచిపోయేది. ఆకుల అంచులు ఊదారంగుకు తిరిగేవి. కంకి వేసినా గింజ సగమే పట్టేది. చూసినవాళ్ళంతా మందు తక్కువైందన్నారు. ఎరువుల దుకాణంవాడూ అదే అన్నాడు. ఆమె డీఏపీ ఇంకో బస్తా తెచ్చి చల్లింది. ఆకులు మరింత ఊదాగా మారాయి. ఊదా అంచు భాస్వరం అందడం లేదనడానికి గుర్తు. భాస్వరం కోసమే డీఏపీ వేస్తారు. బస్తాల కొద్దీ వేసిన చోట ఆకలి గుర్తు కనబడటం నాకు చిత్రంగా తోచింది. అయినా ఎవరూ అడగకుండా సలహా చెప్పే అలవాటు నాకు లేదు, ఊరుకున్నాను.

బావ మాత్రం ఊరుకోలేదు. కులపెద్దలను ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేను గదిలో బట్టలు మడతపెట్టుకుంటున్నాను. మాటలు గోడ ఇవతలికి స్పష్టంగా వినిపించాయి.

"సచ్చిన భూమిని పట్టుకొని ఏం జేస్తవ్? సంతకం పెట్టు, ఇద్దరం బాగుపడ్తం," అన్నాడాయన.

"నా భూమి సావలే," అంది పెద్దమ్మ.

"అట్లనా! అయితే పెద్దల ముంగట చెప్తున్న. ఈ వానకాలం పంట తియ్యి. తీస్తివా, మల్ల నిన్ను అడుగ. తియ్యకపోతివా, దసరా అయినంక సంతకం పెట్టాలె."

తర్వాత ఆమె "మంచిది" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో బింకం ఉంది గాని ధైర్యం లేదు. వాళ్ళు వెళ్ళాక నా గది తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. "నువ్వు మన్ను సదువుకున్నవంట గద. మా మన్నుకేమైందో జర సూడు," అంది. అడిగింది కాబట్టి చూడటానికి ఒప్పుకున్నాను.

మర్నాడు బంద్. ల్యాబు లేదు. పొద్దున్నే పార పట్టుకుని చేనులో దిగాను. నేలంతటికీ సరిపోయే నమూనా కావాలంటే తిన్నగా నడవకూడదు. వంకర టింకరగా తిరుగుతూ అక్కడక్కడ జానెడు లోతు గుంట తీసి, గుంట పక్కనుంచి మట్టి చెక్కాలి. పెద్దమ్మ గోడ మీద మోచేతులు ఆన్చి చూస్తూ, "కల్లు దాగినోళ్ళ లెక్క నడుస్తున్నవేంది?" అని నవ్వింది. తీసిన మట్టంతా గోనె మీద కుప్ప పోసి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు పారబోసి, మిగిలినవి మళ్ళీ కలిపాను. "పారబోసేదానికి తీసుడెందుకు?" అంది. ఆమె ప్రశ్నలు ఆపదని అప్పుడే అర్థమైంది.

మట్టి రంగు చూసి ఆగిపోయాను. నార్సింగి నేలలు ఎర్రచెల్కలే. అయితే ఇది అలాంటి ఎరుపు కాదు. ఇటుక పొడిలా మెరుస్తోంది, వేరు ముక్క ఒక్కటి లేదు, వానపాము లేదు. ఈ మట్టి ఎక్కడిదని అడిగాను.

అప్పుడు చెప్పింది. ఎండాకాలం చెరువు ఎండగానే ఆ మట్టి తోలుకుని చేనులో పోసుకోవడం వాళ్ళ అత్తగారి కాలం నుంచీ అలవాటు. ఇప్పుడు చెరువులోకి అపార్టుమెంట్ల మురుగు వస్తోంది, చుట్టూ కంచె కూడా వేశారు. రెండేళ్ళ కిందటి ఎండాకాలం నానక్‌రామ్‌గూడలో ఒక టవరుకు సెల్లార్లు తవ్వుతుంటే లారీలు ఆ మట్టిని ఎక్కడ పోయాలో తెలియక తిరుగుతున్నాయి. ఒక డ్రైవరు ఆగి, మట్టి కావాలా అని అడిగాడు. ఊరికే వచ్చేది, పైగా ఇంటి ముందుకే వచ్చేది. పెద్దమ్మ చేనంతా పోయించి, ట్రాక్టరుతో సమంగా నెరిపించింది.

"భూమి కడుపుల మన్ను బిడ్డా. ఇప్పటిదాంక పంటను సూడని మన్ను. బలముండదా?" అంది.

పెద్ద గదిలో ఆ లోతు మట్టిని రోజూ చూసేదాన్ని. అరవై అంతస్తులైనా మోస్తుందని రిపోర్టులు రాసేవాళ్ళు. ఒక మొక్కను మోస్తుందా అని ఎవరూ అడగలేదు, అడగాల్సిన అవసరమూ వాళ్ళకు లేదు.

పరీక్షలో అనుకున్నదే తేలింది. మట్టి బాగా ఆమ్లంగా ఉంది. భాస్వరం లేక కాదు, ఉంది, మొక్కకు అందే రూపంలో లేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆమెకు చెప్పాను. చౌడు నేలంటే మన రైతులకు పుట్టుకతో తెలుసు. దానికి విరుద్ధమైన ఈ జబ్బుకు మాత్రం మా ఊళ్ళోనూ, వాళ్ళ ఊళ్ళోనూ పేరు లేదు. చింతపండు పులుపు లాంటిదనుకోమన్నాను. అంత పులుపున్న మట్టిలో ఇనుమూ అల్యూమినియమూ కరిగి బయటికొస్తాయి. వేసిన భాస్వరం వేరు దగ్గరికి చేరకముందే అవి పట్టేసుకుని గట్టిపడతాయి. ఇంకో బస్తా వేస్తే అదీ వాటికే పోతుంది.

ఆమె శ్రద్ధగా విని, "ఉన్నది గని మాకు అందది. అంతేనా?" అంది.

"అంతేనండి."

"మా తెలంగాణ నీళ్ళ లెక్క."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె నవ్వలేదు. "మరి ఇడిపిచ్చెదెట్ల?" అని అడిగింది.

సున్నం వేయాలన్నాను. ఆమె ముఖం మారిపోయింది. గోడలకు వేసేది చేనుకు వేయమంటున్నానని, విత్తనం మాడిపోతుందని, బావ గాని నాకేమైనా చెప్పాడా అని అడిగింది. చివరి మాటకు నాకు చాలా కోపం వచ్చింది. లేచి గదిలోకి వెళ్ళిపోబోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఆమెను చెయ్యి పట్టుకుని చేను మూలకు తీసుకెళ్ళాను. గోడ పక్కన ఆమె ఏటా దసరా ముందు వెల్లవేయడానికి సున్నం తడిపే గుంట ఉంది. మిగిలిన తెల్లనీళ్ళు ప్రతిసారీ చేనువైపే పారబోసేది. పోయిన పంట దంట్లు ఇంకా పీకలేదు. చేనంతా మోకాలి ఎత్తు దంట్లే. గుంట చుట్టూ మాత్రం నా భుజం దాటి ఉన్నాయి, లావుగా ఉన్నాయి.

"ఆడ తానాల నీళ్ళు వోతయి గందుకు," అంది.

"స్నానాల నీళ్ళు అవతలి మూలకు పోతున్నాయి పెద్దమ్మా. అక్కడ చూడండి, మోకాలి ఎత్తే."

ఆమె ఆ మూలకూ ఈ మూలకూ తలతిప్పి చూసింది. చాలాసేపు చూసింది. "సున్నం ఎంత వడ్తది?" అని అడిగింది.

అప్పుడే ఇంకో గొడవ మొదలైంది. గట్టు పక్కనున్న నాలుగు సాళ్ళకు సున్నం వేయొద్దన్నాను. మిగతావన్నీ ఒకేలా చేయాలి, అదే విత్తనం, అదే ఎరువు. అప్పుడే సున్నం వల్ల ఎంత వచ్చిందో, వానవల్ల ఎంత వచ్చిందో తెలుస్తుంది. "నాకు పంట గావాలె, నీకు లెక్క గావాల్నా?" అని ఆమె కేకలేసింది. నేనూ గొంతు పెంచాను. ఇది నా కోసం కాదని, రేపు మీ బావ వచ్చి వానలు బాగా పడ్డాయి గనుక పండింది, మళ్ళీ ఏడు చూద్దాం అంటే ఏం చూపిస్తారని అడిగాను. సగం నిజమే అది. మిగతా సగం, కాలేజీ వదిలాక సొంతంగా ఒక్క ప్రయోగమైనా చేయలేదన్న దిగులు. ఆమె ఆ నాలుగు సాళ్ళ దగ్గరికి వెళ్ళి నిలబడి, "సరే," అంది. నా మొహం చూడకుండా అంది.

ఎరువుల దుకాణంలో వ్యవసాయ సున్నం దొరకలేదు. వెల్లసున్నం అమ్మే గోదాములో మాట్లాడి, ఒక ట్రాక్టరు కిరాయికి తీసుకుని, ఇద్దరం వెనక బస్తాల మీద కూర్చుని బయల్దేరాం. దారిలో రాస్తారోకో. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పెద్ద గుండిగలో పప్పు ఉడుకుతోంది, ఒక పక్క పాటలు, డప్పులు. ఆకాశం నల్లబడుతోంది. పొడి సున్నం తడిస్తే ముద్దకట్టి చల్లడానికి పనికిరాదు.

కండువా వేసుకున్న యువకులు ట్రాక్టరు చుట్టూ చేరారు. ఒకతను బస్తా మీద చరిచి, "ఏ బిల్డింగుకు సున్నం?" అన్నాడు.

"బిల్డింగుకేంది, నా చేనుకు," అంది పెద్దమ్మ.

అందరూ నవ్వారు. "చేనుకు సున్నమేసుడేంది పెద్దమ్మా? ఎవలు జెప్పిన్రు?"

ఆమె వేలు నా వైపు చూపింది. అందరూ నన్ను చూశారు. అతను, "ఏం జెప్పినవక్కా?" అన్నాడు. నోరు తెరిస్తే మొదటి మాటతోనే నేనెక్కడి దాన్నో తెలిసిపోతుంది. నాకు భయం వేసింది. అయినా చెప్పక తప్పదు గనుక చెప్పాను. "మట్టి పులుపెక్కిందండి. సున్నం వేస్తే తగ్గుతుంది."

'అండి' వినగానే నవ్వులు ఆగిపోయాయి. వెనకనుంచి ఎవరో, "ఆంధ్రోళ్ళు జెప్తే మన చేన్ల సున్నం వోసుకుంటున్నమా!" అన్నారు.

పెద్దమ్మ బస్తా మీద లేచి నిలబడింది. "ఏయ్, నీకంటె ముంగటి సంది ధర్నలల్ల గూసుంటున్న నేను! ఈ పిల్ల నా ఇంట్ల ఉంటది. నా చేను పోవద్దని నాకు జెప్పింది. నా చేను పోతే మల్ల కొనిచ్చేటోడు ఎవడు, నువ్వా? తెలంగాణ వొచ్చినంక నిలవడేటందుకు నాకు జాగ ఉండొద్దా?"

గుండిగ దగ్గరున్న ఒక పెద్దాయన, తిని పొమ్మన్నాడు. తినకుండా పోతే బాగుండదని పెద్దమ్మ దిగింది. నేనూ దిగాను. విస్తరాకులో అన్నం, పప్పు వడ్డించారు. ఇంకొంచెం వేసుకోమని అడిగింది ఇందాక బస్తా చరిచిన యువకుడే. బస్తాల మీద కప్పడానికి ధర్నా టెంటు టార్పాలిన్ ఒకటి విప్పి ఇచ్చాడు. మర్నాడు తెచ్చివ్వాలని మాత్రం గట్టిగా చెప్పాడు. ఇల్లు చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. సున్నం తడవలేదు.

తొలి వానలకు సున్నం చల్లగానే చేను తెల్లబడింది, దున్నాక మళ్ళీ ఎర్రబడింది. సున్నం, డీఏపీ ఒకేసారి వేయకూడదు గనుక విత్తనం కొంచెం ఆలస్యం చేయించాను. ఆ ఆలస్యానికి ఆమె రోజూ నన్ను తిట్టేది. డీఏపీ ఈసారి చల్లలేదు. పశువుల ఎరువుతో కలిపి, సాలులో గింజ పక్కనే పెట్టించాను. మట్టితో ఎంత తక్కువ కలిస్తే అంత తక్కువ పోతుంది. సున్నం వేసినంత మాత్రాన పాత బస్తాల భాస్వరమంతా తిరిగి రాదు. కొత్తగా వేసిందైనా వేరుకు దక్కుతుందని నా ఆశ. ఆమెకు మాత్రం తప్పకుండా వస్తుందని చెప్పాను.

ఆ వానకాలం మా ఇద్దరికీ పొద్దున్నే చేను చూడటం అలవాటైంది. మొదట రెండు చోట్లా ఒకేలా మొలిచింది. తర్వాత నాలుగు సాళ్ళు ఆగిపోయాయి, మిగతావి ఆగలేదు. గట్టు పక్క ఊదా అంచులు కనపడిన రోజు నాకు లోపల సంతోషంగా ఉంది. పెద్దమ్మ ఆ సాళ్ళ దగ్గర కూర్చుని ఆకు వేళ్ళ మధ్య నలుపుతూ ఉండిపోయింది. ఆమెకు సంతోషంగా లేదని తెలుస్తూనే ఉంది.

దసరా పోయాక బావ పెద్దలతో వచ్చాడు. రోడ్డు నుంచి దిగితే ముందు తగిలేవి ఆ నాలుగు సాళ్ళే. ఆయన గట్టు మీదే ఆగి, "గిదేనా నీ పంట?" అని నవ్వాడు. ఆ సాళ్ళు అక్కడ ఉంచమన్నది నేను. అవే ఆమె చేను పోగొట్టేటట్టున్నాయి.

పెద్దమ్మ మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. "సూడు బావా, మంచిగ సూడు. రెండేండ్ల సంది మొత్తం గిట్లనే ఉండె. గీ నాల్గింటికి సున్నమెయ్యలే. అదే ఇత్తు, అదే మందు, అదే వాన. ఇగ అటు సూడు," అంది.

వాళ్ళు లోపలికి నడిచారు. పైరు తలలు దాటి ఉంది, కాసేపు మనుషులు కనిపించలేదు. బావ ఒక కంకి తుంచి పొట్టు వలిచాడు. కొసదాకా గింజ ఉంది. ఆయన కూడా ఒకప్పుడు అరక పట్టినవాడే. గింజలోకి గోరు దింపి, చాలాసేపు చూశాడు. పెద్దల్లో ఒకాయన, "పంట దీసిందిర బై," అన్నాడు. బావ ఆ కంకిని కిందపడేయలేదు, చేతిలోనే పట్టుకుని గట్టెక్కాడు. "నేనన్న మాట అన్నదే, మల్ల అడుగ," అన్నాడు. పోతూ పోతూ నా దగ్గర ఆగి, "మా ఇండ్లల్ల సంగతి నీకెందుకమ్మా?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

చేను ఆమెకే మిగిలింది. దంట్లు కోశాక, తర్వాతి ఎండాకాలం నేను నా ప్రయోగం ఇంకో ఏడు కొనసాగించాలనుకున్నాను. నాలుగు సాళ్ళ మట్టి విడిగా తీసి పరీక్షిద్దామని ఒక బంద్ రోజున సంచి, పార పట్టుకుని గోడ దాటాను. సాళ్ళు తెల్లగా ఉన్నాయి. పెద్దమ్మ చాటలో సున్నం పట్టుకుని, కొంగు ముక్కుకు చుట్టుకుని, గట్టు వెంట చల్లుకుంటూ పోతోంది.

ఒళ్ళు మండిపోయింది. "ఏం చేశారండీ! పోలిక మొత్తం పోయింది. ఒక్క ఏడుతో ఏమీ తేలదని చెప్పానా లేదా?" అని అరిచాను.

ఆమె కొంగు కిందికి జార్చి నన్ను చూసింది. "నీ మాటకు ఒక పంట వాటిని ఆకలితోని ఉంచిన. పొద్దుగాల లేస్తే అవే కండ్లవడుతుండె. అవ్వి గూడ నా భూమే గద బిడ్డా, ఇంకెన్ని దినాలు ఉంచుమంటవ్?" అంది.

గట్టు చివర ఒక మూల ఇంకా తెల్లబడలేదు, ఆమె అప్పటికే అలిసిపోయి ఉంది. సంచి గోడ మీద పెట్టి, ఆమె చేతిలో చాట అందుకున్నాను.